అమాస రాత్రి గట్టు చూపించిన వెలుతురు

మా ఊర్లో పంట మోటార్లకి త్రీఫేజ్ కరెంటు చాలా ఏళ్ళు రాత్రిపూటే ఇచ్చేవాళ్ళు, పదింటికో పన్నెండింటికో వచ్చేది, అప్పుడు లేచి పోయి మోటారు వేసి మడికి నీళ్ళు మళ్ళించి రావాలి. చిన్నప్పుడు ఒకట్రెండు సార్లు నాయన వెనకాల నేనూ పోయాను. ఆయన చేతిలో టార్చి ఉండేది గానీ వేసేవాడు కాదు, పాము అలికిడి అయితేనో మోటారు పెట్టె తీసేటప్పుడో వేసేవాడు, గట్టు మీద నడిచేటప్పుడు మాత్రం ఆర్పేసి నడిచేవాడు. నాకు భయమేసి "నాయనా లైటెయ్యి, ఏం కనపడట్లే" అంటే "లైటేస్తే అదొక్కటే కనపడతాది, ఆర్పితే అంతా కనపడతాది, కాసేపు ఓర్చుకో" అనేవాడు. నిజంగానే కాసేపటికి గట్టు కనపడేది. అమాస రోజు కూడా. కొంచెం లేత బూడిద రంగులో గట్టు, దానికి అటూ ఇటూ నల్లగా మడి, దూరంగా కానుగ చెట్టు ఆకారం. "ఏం వెలుతురు నాయనా ఇది" అంటే "చుక్కల వెలుతురు రా" అన్నాడు. ముప్పై ఏళ్ళు నేనూ అదే నమ్మాను.

మన భాషలో కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి అంటాం కదా, ఆ చీకటి ఇంట్లో ఉంటుంది, బావిలో ఉంటుంది, తలుపులేసిన గోడౌన్‌లో ఉంటుంది. ఆకాశం కింద ఆరుబయట మాత్రం ఆ చీకటి ఎప్పుడూ ఉండదు. మబ్బు లేని రాత్రి చెయ్యి పైకెత్తి చూస్తే ఆకాశం మీద చెయ్యి నల్లగా కనపడుతుంది, అంటే చెయ్యి కంటే ఆకాశం వెలుతురుగా ఉందన్నమాట. ఆ వెలుతురులో చుక్కలది కొంత వాటా, సూర్యుడి చుట్టూ తిరిగే సన్నటి దుమ్ము మీద పడి వచ్చే వెలుతురు కొంత, కానీ పెద్ద వాటా వీటిలో దేనిదీ కాదు, మన నెత్తిమీదున్న గాలిదే. నేల నుంచి దాదాపు 90-100 కిలోమీటర్ల ఎత్తులో గాలి రాత్రంతా తనంతట తాను వెలుగుతూ ఉంటుంది. ఇంగ్లీషులో దీన్ని ఎయిర్‌గ్లో అంటారు. తెలుగులో అందరూ వాడే మాట ఒకటి స్థిరపడలేదు, వాయుదీప్తి అనొచ్చు, నాకు మాత్రం గాలివెలుగు అనాలని ఉంటుంది, ఈ వ్యాసంలో అలాగే అంటాను.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక ఫొటో మీద జరిగిన గొడవ.

2024లో శివరాత్రి శుక్రవారం వచ్చింది, నేను బెంగుళూరు నుంచి ఊరికెళ్ళాను, శనివారం రాత్రి, అంటే తెల్లారితే అమాస, ఊరికి పడమర ఉన్న గుట్ట మీదికి కెమెరా, ట్రైపాడ్ పట్టుకుని ఎక్కాను. తొమ్మిదిన్నర దాటింది, పిల్లలకోడి, అంటే కృత్తికల చుక్కల గుంపు, పడమటి కొండకి దిగుతా ఉంది. 20 సెకండ్ల ఎక్స్‌పోజర్ పెట్టి ఒకదాని తర్వాత ఒకటి గంటసేపు ఫొటోలు తీస్తూనే ఉన్నాను, నాకు కావాల్సింది ఆ దిగుతున్న చుక్కలు. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే పడమర దిక్కున కొండ అంచుకి కాస్త పైన లేత ఆకుపచ్చ పట్టీలు, వరసగా, సమానంగా, దుక్కి దున్నిన సాళ్ళ లాగా ఉన్నాయి. నాయనకి చూపిస్తే "దున్నినట్టుండాదే ఆకాశం" అన్నాడు. ఆ మాట కంటే బాగా దాన్ని వర్ణించిన మాట నేను ఇంతవరకు వినలేదు.

కాలేజీ ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టాను. ఒకడు "ఎడిటింగ్ బాగుంది" అన్నాడు, ఇంకొకడు వైట్ బ్యాలెన్స్ తప్పింది అన్నాడు, నార్వే పోయి లక్షలు ఖర్చుపెట్టి అరోరా, అంటే రాత్రి ఆకాశంలో తెరల్లా ఊగే రంగుల వెలుగు, చూసొచ్చిన ఫ్రెండ్ ఒకతను "అరోరా మన దగ్గర ఉండదు మామా, అది ధ్రువాల దగ్గర" అని కొంచెం గట్టిగానే అన్నాడు. అతను చెప్పింది నిజమే, అది అరోరా కాదు. కానీ అరోరా కాకపోతే ఏమీ లేనట్టే అనే లెక్క ఒకటుందే, అదే నాకు అసలు బాధ. ఆకాశంలో రంగు కనపడాలంటే అది దూరదేశంలో ఉండాలి, డబ్బు పెట్టి చూడాలి, మన చెనక్కాయ చేను మీద ఉంటే అది కెమెరా తప్పు. ఆ రోజు గ్రూప్‌లో సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్తాను.

ముందు ఎడిటింగ్ సంగతి. ఆ గంటలో తీసిన ఫొటోలన్నీ వరసగా తిప్పి చూస్తే ఆ పట్టీలు కదులుతున్నాయి. చుక్కలు ఒక దిక్కుకి పోతుంటే పట్టీలు వేరే దిక్కుకి పోతున్నాయి. కెమెరా సెన్సార్ లోపమైతే పట్టీ ఫ్రేమ్‌లో ఒకేచోట ఉండాలి. టౌన్ లైట్ల వెలుగైతే కొండకి అంటుకుని కదలకుండా ఉండాలి, రంగు కూడా పసుపో తెలుపో ఉంటుంది. మబ్బైతే చుక్కల్ని కప్పాలి, ఇక్కడ పట్టీ లోంచి చిన్న చిన్న చుక్కలు కూడా ఏమాత్రం తగ్గకుండా కనపడుతున్నాయి. మబ్బు కంటే చాలా పైన, చుక్కల కంటే ఎంతో కింద ఏదో వెలుగుతూ కదులుతోంది అని ఒప్పుకోక తప్పదు.

"మరి కంటికి ఆకుపచ్చగా కనపడలేదు కదా, కెమెరాకి కనపడితే నిజమా?" అని అడిగారు. ఇది మంచి ప్రశ్న. చీకట్లో మన కంట్లో పనిచేసే కణాలు వేరు, వాటికి రంగు తెలియదు, వెలుతురు ఉందా లేదా అనేదే తెలుసు. అందుకే వెన్నెట్లో ఎర్రచీర కూడా నల్లగానే కనపడుతుంది, అంతమాత్రాన చీర ఎరుపు అబద్ధం కాదు కదా. ఇంకో విషయం, కంటికి అసలు కనపడలేదు అన్నది కూడా నిజం కాదు. రంగు కనపడలేదు అంతే. వెలుతురు కనపడింది. గట్టు కనపడింది అందుకే. ఆ వెలుతురు అంత అలవాటైపోయింది కాబట్టి దానికి కారణం ఉంటుందని ఎవరూ అనుకోలేదు, దానికి పేరు పెట్టాలనీ అనుకోలేదు.

నిజానికి ఇది మనం ఒక్కళ్ళమే చేసిన పొరపాటు కాదు. 1868 ప్రాంతంలో స్వీడన్‌లో ఆంగ్‌స్ట్రామ్ అనే శాస్త్రవేత్త అరోరా వెలుతురుని పట్టకం గుండా రంగులుగా విడగొట్టి చూసి దాంట్లో ఒక ఆకుపచ్చ గీత, అంటే కచ్చితంగా ఒకే ఒక్క రంగు, ఉందని కనిపెట్టాడు, తర్వాత అరోరా లేని రాత్రి కూడా, ఆకాశంలో ఏ వైపు తిప్పి చూసినా, అదే గీత మసకగా కనపడింది. 1901లో అమెరికాలో సైమన్ న్యూకూమ్ అనే ఆయన మొత్తం చుక్కలన్నీ కలిపితే ఎంత వెలుతురు అని కొలవడానికి కూర్చున్నాడు, అంటే మా నాయన గట్టు మీద చెప్పిన మాటనే ఆయన లెక్కగా కట్టబోయాడన్నమాట. 1909లో నెదర్లాండ్స్‌లో ఇంటెమా అనే ఆయన ఇంకా జాగ్రత్తగా కొలిస్తే చుక్కల లెక్క సరిపోలేదు, రాత్రి ఆకాశంలో ఉన్న వెలుతురు చుక్కలు ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువుంది, పైగా నడినెత్తి మీద కంటే దిగంతం వైపు పోయేకొద్దీ పెరుగుతోంది. చుక్కల వెలుతురైతే అలా పెరగాల్సిన పనిలేదు. భూమిని చుట్టుకుని పల్చటి వెలుగు పొర ఒకటి ఉంటేనే అలా జరుగుతుంది, పక్కకి చూసినప్పుడు ఆ పొరని ఏటవాలుగా చూస్తాం కాబట్టి మందంగా కనపడుతుంది. ఆయన దానికి భూమి వెలుగు అని పేరు పెట్టాడు, నాకు ఆ పేరు చాలా ఇష్టం.

నా ఫొటోలో పట్టీలు కొండ అంచుకి దగ్గరగా ఎందుకు బాగా కనపడ్డాయంటే ఇదే కారణం. దిగంతానికి 10 డిగ్రీల పైన చూస్తే నెత్తిమీద చూసిన దానికంటే దాదాపు నాలుగు రెట్ల పొర గుండా చూస్తున్నాం. ఆ దిశలో 95 కిలోమీటర్ల ఎత్తు పొర దాకా చూపు పోవాలంటే సుమారు 450 కిలోమీటర్లు పోవాలి, మదనపల్లె వైపున్న మా ఊరి నుంచి పడమరకి అంత దూరమంటే మంగళూరు తీరం దాటుతుంది. నేను గుట్ట మీద నిలబడి చూసింది అరేబియా సముద్రం మీదున్న గాలి వెలుగు. ఈ లెక్క కట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంత జరిగినా శాస్త్రవేత్తలు కూడా దీనికి సొంత పేరు ఇవ్వడానికి చాలాకాలం పట్టింది. 1920ల్లో ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి దీన్ని కొలిచాడు, ఇవాళ ఈ వెలుగుని కొలిచే యూనిట్‌కి ఆయన పేరే, రేలీ. ఆయన కూడా దీన్ని ధ్రువాలకి చెందని అరోరా అనే పిలిచాడు. 1925లో కెనడాలో మెక్‌లెనన్, ష్రమ్ అనే ఇద్దరు ల్యాబ్‌లో ఆ ఆకుపచ్చ గీతని పుట్టించి అది ఆక్సిజన్ అణువుది కాదు, విడి పరమాణువుది అని తేల్చారు. ఎయిర్‌గ్లో అన్న మాట వాడుకలోకి వచ్చింది 1950లో. అంటే గీత కనపడిన 80 ఏళ్ళకి. అప్పటిదాకా ఇది ఎవరో గొప్పింటి చుట్టానికి పేద బంధువు లాగా అరోరా పేరు మీదే బతికింది.

రెండింటిదీ ఒకటే ఆకుపచ్చ, 557.7 నానోమీటర్లు, ఎందుకంటే రెండు చోట్లా వెలిగేది అదే ఆక్సిజన్ పరమాణువు. దాన్ని వెలిగించే పద్ధతే వేరు. అరోరాలో పై నుంచి ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రం గీతల వెంబడి దూసుకొచ్చి గాలిని గుద్దుతాయి, అందుకే ధ్రువాల చుట్టూ మాత్రమే, అందుకే అంత ఆర్భాటం. గాలివెలుగుకి ఎవరూ వచ్చి గుద్దాల్సిన పనిలేదు. పగలు ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైన ఆక్సిజన్ అణువుని రెండు పరమాణువులుగా చీలుస్తాయి. మా వైపు బండలు చూసినవాళ్ళకి తెలుసు, పొద్దంతా ఎండకి కాగి రాత్రి పన్నెండైనా వేడి వదులుతూనే ఉంటాయి, పైన గాలి కూడా అలాంటి పనే చేస్తుంది, కాకపోతే దాచుకునేది వేడిని కాదు, విడగొట్టుకున్న జంటల్ని. ఆ ఎత్తులో గాలి ఎంత పల్చగా ఉంటుందంటే చీలిన పరమాణువులు మళ్ళీ కలవడానికి తోడు దొరకదు, రెండు దగ్గరికొచ్చినా కలిసినప్పుడు పుట్టే శక్తిని తీసుకోవడానికి మూడోది పక్కన ఉండాలి. అందుకే పొద్దు గూకాక కూడా రాత్రంతా కొంచెం కొంచెంగా కలుస్తూనే ఉంటాయి. అలా కలిసిన అణువు ఉద్రేకంలో ఉంటుంది, అది ఇంకో ఆక్సిజన్ పరమాణువుకి తగిలి తన శక్తి ఇచ్చేస్తుంది, ఆ పరమాణువు ముప్పావు సెకండు పాటు దాన్ని పట్టుకుని ఆకుపచ్చ వెలుగుగా వదిలేస్తుంది. కలిసి వెలిగేది రాత్రే అయినా సంపాదించింది పగలే. రాత్రి నాయన నడిచిన గట్టు మీద పడింది పగలు కాసిన ఎండే అని చెప్పినా తప్పు లేదు.

దీని బలమెంత అంటే, అరోరాలో కంటికి ఆనే అతి తక్కువ మెట్టుని 1,000 రేలీలుగా పెట్టుకుంటారు, మంచి ప్రకాశవంతమైన అరోరా 1,00,000 దాకా పోతుంది. గాలివెలుగులో ఈ ఆకుపచ్చ గీత మామూలు రాత్రి కొన్ని వందల రేలీలు. తక్కువే. కానీ అరోరా కొన్నిచోట్ల కొన్ని రాత్రులు, ఇది అన్నిచోట్లా అన్ని రాత్రులు. చీకటి పడిన భూమి మొత్తాన్ని ఇది కప్పుకుని ఉంటుంది, మధ్యలో ఎక్కడా చిరుగు లేదు. 1962 మే నెలలో అమెరికా వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ అంతరిక్షంలోంచి రాత్రివైపు భూమి అంచుని చూసి, అంచుకి పైన ఒక పల్చటి వెలుగు పొర ఉందని, ఒక ఫిల్టర్ అడ్డం పెట్టి అది ఈ ఆక్సిజన్ ఆకుపచ్చేనని తేల్చాడు. ఇప్పుడు స్పేస్ స్టేషన్ నుంచి వచ్చే రాత్రి ఫొటోల్లో భూమి అంచు చుట్టూ గోరంత మందం ఆకుపచ్చ గీత ఉంటుంది చూడండి, చాలామంది దాన్ని కూడా అరోరా అనుకుని దాటేస్తారు. ఈసారి ఆగి చూడండి. దాని కింద మనం ఉన్నాం.

రంగులు ఒక్క ఆకుపచ్చే కాదు. ఇంకాస్త కింద, 87 కిలోమీటర్ల దగ్గర, హైడ్రోజన్ వెళ్ళి ఓజోన్‌ని తాకితే పుట్టే హైడ్రాక్సిల్ వెలుగు ఉంటుంది, అది ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంటుంది కాబట్టి మనకి కనపడదు గానీ అన్నింట్లోకీ బలమైనది అదే, 1950లో మైనెల్ అనే ఆయన గుర్తుపట్టాడు. సుమారు 90 దగ్గర సోడియం, మన వీధుల్లో మొన్నటిదాకా ఉన్న పసుపు దీపాల రంగు, ఆ సోడియం రాలిపడే ఉల్కలు ఆవిరైపోతూ వదిలిపెట్టింది. సోడియం అంటే నాకు కేరళ తీరంలో రాకెట్లు ఎగరేసే తుంబా గుర్తొస్తుంది. 1963 నవంబర్ 21న తుంబా నుంచి మన దేశం ఎగరేసిన మొట్టమొదటి రాకెట్ మోసుకెళ్ళింది సోడియం ఆవిరినే, సందెవేళ పైన దాన్ని వదిలితే ఎండ తగిలి నారింజ రంగు మబ్బులా వెలిగింది, కేరళలో తమిళనాడులో జనం చూశారు. మన అంతరిక్ష కథ పైగాలిని వెలిగించి చూడటంతో మొదలైంది, అయినా పైగాలి తనంతట తాను వెలుగుతుందన్న సంగతి మన స్కూల్ పుస్తకాల్లో నాకైతే ఎక్కడా తగల్లేదు.

తుంబానే ఎందుకు ఎంచుకున్నారంటే అది అయస్కాంత భూమధ్యరేఖకి, అంటే భూమి అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా ఉండే గీతకి, దగ్గర. ఇక్కడే నా నార్వే ఫ్రెండ్‌కి చెప్పాల్సిన అసలు మాట ఉంది. ధ్రువాల వాళ్ళకి అరోరా ఉంటే, మనకి, అంటే భూమధ్యరేఖ దగ్గరి వాళ్ళకి, ఎర్రటి గాలివెలుగు ఉంది, 630 నానోమీటర్లు, 250 కిలోమీటర్ల చుట్టుపక్కల ఎత్తులో. ఇది కూడా ఆక్సిజన్ పరమాణువే, కానీ ఈ ఎరుపు వదలడానికి దానికి దాదాపు 110 సెకండ్లు పడుతుంది. కింద గాలి చిక్కగా ఉన్నచోట అంతసేపు ఎవరికీ తగలకుండా ఉండటం కుదరదు, శక్తి ఆ తగలడంలోనే పోతుంది, అందుకే అంత పైన ఏకాంతంలోనే ఎరుపు పుడుతుంది. పగలు భూమధ్యరేఖ దగ్గర విద్యుత్ క్షేత్రం ప్లాస్మాని, అంటే ఎండకి ఎలక్ట్రాన్లు విడిపోయిన పైగాలిని, పైకి ఎగదోస్తే అది ఫౌంటెన్ లాగా పైకి లేచి ఉత్తరానికీ దక్షిణానికీ, అయస్కాంత అక్షాంశం 15 డిగ్రీల దగ్గర, రెండు పక్కలా పడి పోగవుతుంది, రాత్రి అక్కడ ఎరుపు ఎక్కువ. ఆ రెండు పోగుల్లో ఉత్తరం వైపుది మన దేశం మధ్యలోనే పడుతుంది. ఇది ధ్రువాల దగ్గర లేదు, మన ఆకాశానిదే.

ఆ ఎరుపులో రాత్రిపూట నల్లటి చారలు పుడతాయి, ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా సాగి తూర్పుకి జరుగుతుంటాయి. అవి ప్లాస్మా బుడగలు, అంటే ప్లాస్మా తక్కువైపోయిన గుంతలు, కింద నుంచి పైకి లేస్తాయి, మన వైపు మార్చి ఏప్రిల్‌లో, సెప్టెంబర్ అక్టోబర్‌లో ఎక్కువ. జీపీఎస్ సిగ్నల్ వాటి గుండా వస్తే వణికిపోతుంది, విమానాలకి దారి చూపించే వ్యవస్థలు కూడా దీన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఆ బుడగల్ని చూడటానికి మంచి మార్గం ఈ ఎర్రటి వెలుగులో పడ్డ చారల్ని ఫొటో తీయడం. ఆ పని జరిగేది ఎక్కడో కాదు. తిరుపతి నుంచి చిత్తూరు వైపు 30-40 కిలోమీటర్ల దూరంలో గాదంకి ఉంది, అక్కడ నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లాబొరేటరీలో వెయ్యికి పైగా యాంటెన్నాల పెద్ద రాడార్‌తో పాటు ఎయిర్‌గ్లో ఇమేజర్ కూడా ఉంది, ఆకాశం మొత్తాన్ని ఫిల్టర్లు మార్చి మార్చి ఎరుపులో ఒకసారి ఆకుపచ్చలో ఒకసారి తీస్తుంది. చిన్నప్పటి నుంచి తిరుపతి పోయేటప్పుడు ఆ పక్క నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో. లోపల ఏం చూస్తారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక ఆ సాళ్ళ సంగతి. గాలి పొర సమానంగా ఉంటే వెలుగు కూడా సమానంగా ఉండాలి, సాళ్ళెందుకు వచ్చాయి? కింద నుంచి అలలు వస్తాయి. గాలి ఒక కొండ మీద నుంచి పోయినా, ఉరుముల మేఘం పైకి పొంగినా, చెరువులో రాయి వేసినట్టు గాలిలో అలలు పుట్టి పైకి పోతాయి, పైన గాలి పల్చబడేకొద్దీ అల ఎత్తు పెరుగుతుంది, 90 కిలోమీటర్ల దగ్గర వెలుగు పొరని నొక్కి సాగదీసి సాళ్ళు చేస్తుంది, సాలుకీ సాలుకీ మధ్య పదుల కిలోమీటర్ల దూరం. 2014లో బంగ్లాదేశ్ మీద పెద్ద ఉరుముల మేఘం లేస్తే టిబెట్‌లో రాత్రి ఫొటో తీస్తున్న ఒకాయనకి ఆకాశంలో గుండ్రంగా వలయాలు వలయాలుగా గాలివెలుగు దొరికింది. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం వచ్చి సునామీ లేచినప్పుడు హవాయిలో, మావి దీవి కొండ మీదున్న కెమెరా ఎర్రటి గాలివెలుగులో ఆ సునామీ తాలూకు అలలని పట్టింది, సముద్రంలో అల అక్కడికి చేరడానికి సుమారు గంట ముందే. సముద్రం మీద ఒక మీటరు కూడా లేవని అల 250 కిలోమీటర్ల పైన ఆకాశంలో కనపడింది.

ఇదంతా చెప్పాక కూడా దీన్ని రొద అనేవాళ్ళున్నారు. దూరపు గెలాక్సీలు చూసే ఖగోళ శాస్త్రవేత్తలకి గాలివెలుగు అడ్డం, ముఖ్యంగా ఆ హైడ్రాక్సిల్ ఇన్‌ఫ్రారెడ్ గీతలు, ప్రతి ఫొటోలోంచీ దాన్ని తీసేయాల్సిందే. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది, వాళ్ళకి కావాల్సింది వేరే. కానీ తీసేయడానికి కూడా దాన్ని క్షుణ్ణంగా తెలుసుకోవాలి కదా, అదీగాక వాళ్ళ పెద్ద టెలిస్కోపులు లేజర్ వేసి కృత్రిమ చుక్క సృష్టించుకునేది ఆ ఉల్కల సోడియం పొరలోనే. ఒక ఊళ్ళో రొద ఇంకో ఊళ్ళో పాట. శుక్రగ్రహం మీద ఈ వెలుగునే చూసి అక్కడి పైగాలి పగటివైపు నుంచి రాత్రివైపుకి ఎలా పారుతుందో తెలుసుకున్నారు, పగలు చీలిన ఆక్సిజన్ రాత్రివైపు వచ్చి కలిసి ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతుంది. అంగారకుడి రాత్రి మీద కంటికి ఆనే రకం గాలివెలుగు ఉందని 2023లో యూరప్ వాళ్ళ ఆర్బిటర్ చూపించింది, రేపెప్పుడో అక్కడికి పోయిన మనిషి కూడా టార్చి ఆర్పేసి కాసేపు ఓర్చుకుంటే దారి కనపడుతుందేమో అనిపించి నాకు మనసు నిండిపోయింది.

ఇప్పుడు నా అసలు వాదన. ఇది చూడటానికి డబ్బక్కర్లేదు, పాస్‌పోర్ట్ అక్కర్లేదు, చీకటి కావాలి. ఆ ఒక్కటే మన దగ్గర అయిపోతోంది. మా ఊర్లో ఇంటి ముందర స్తంభానికి రెండేళ్ళ కింద తెల్లటి ఎల్‌ఈడీ దీపం బిగించారు, మూత లేదు, వెలుతురు సగం రోడ్డు మీద పడితే సగం ఎదురింటి డాబా మీదా వేపచెట్టు మీదా ఆకాశంలోకీ పోతుంది. తెల్లటి దీపంలో నీలం ఎక్కువ, నీలం గాలిలో ఎక్కువ చెదురుతుంది, పగటి ఆకాశం నీలంగా ఉండేది అందుకేగా, కాబట్టి ఆకాశం మీద పరుచుకునేదీ అదే ఎక్కువ. డాబా ఎక్కితే ఇప్పుడు పిల్లలకోడి కూడా కష్టంగా కనపడుతుంది.

"దీపం వద్దంటావా, పాములున్నాయి, ఆడవాళ్ళు రాత్రి బస్సు దిగి వస్తారు" అని మా పక్కింటి పెద్దమ్మ అడిగింది. వద్దనను పెద్దమ్మా. పాము ఉండేది నేల మీద, బస్సు దిగిన పిల్ల నడిచేది నేల మీద, మరి వెలుతురు ఆకాశానికెందుకు? దీపానికి పైన ఒక రేకు టోపీ పెడితే నేల మీద ఇంకా బాగా పడుతుంది, కంట్లో కొట్టదు, కంట్లో కొట్టకపోతే దీపం అవతల నీడలో ఏముందో కూడా కనపడుతుంది. నాయన గట్టు మీద చెప్పింది అదే, లైటేస్తే అదొక్కటే కనపడతాది అని. లద్దాఖ్‌లో హాన్లే చుట్టుపక్కల ఊళ్ళని 2022లో డార్క్ స్కై రిజర్వ్ చేశారు, మంచి పని, అక్కడ తీసిన ఫొటోల్లో గాలివెలుగు ఎంత బాగా వస్తుందో. కానీ చీకటంటే లద్దాఖ్ పోయి చూసే వస్తువు అయిపోకూడదని నా పట్టుదల. నార్వే దాకా పోయి చూడాల్సిన ఆకుపచ్చకీ, హాన్లే దాకా పోయి చూడాల్సిన చీకటికీ తేడా ఏముంది, రెండూ మా నాయనకి అందవు. నల్లమలలో, శేషాచలం వెనకాల, ఆదిలాబాద్ అడవుల్లో, అనంతపురం బయళ్ళలో ఇంకా రాత్రులున్నాయి. వాటిని అక్కడి వాళ్ళకే ఉంచాలి.

పోయిన కార్తీకంలో ఊరికెళ్ళినప్పుడు డాబా మీద కూర్చుని ఇదంతా నాయనకి చెప్పాను, చుక్కల వెలుతురు ఒక్కటే కాదు, గాలి కూడా వెలుగుతుంది అని. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు, కాసేపాగి "మరి మబ్బు పట్టిన రోజు నల్లగా ఎందుకుండేది?" అన్నాడు. వెలుగు మబ్బుకి పైనుంటుంది కదా నాయనా, మబ్బు అడ్డమొస్తే కిందికి తక్కువ దిగుతుంది, అందుకే మబ్బు ఆకాశం కంటే నల్లగా కనపడుతుంది, పై నుంచి చూస్తే మాత్రం అదే మబ్బు వెలుతురుగా ఉంటుంది, 2011లో పంపిన సువోమీ అనే ఉపగ్రహం అమాస రాత్రుళ్ళు కూడా గాలివెలుగు పడిన మబ్బుల్ని ఫొటో తీసిందట అని చెప్పాను.

"అవునా. మేము రాత్రి మడికాడికి పోయేటప్పుడు మబ్బొస్తే చుక్కలు లేని నల్లటి బొక్క లాగా వచ్చేది, దాన్ని చూసి వాన గుర్తు పట్టేవాళ్ళం. ఇప్పుడు చూడు, మబ్బు తెల్లగా వస్తాది" అన్నాడు.

నేనూ చూశాను. మదనపల్లె దిక్కున మబ్బు కింది భాగం టౌన్ లైట్లకి పాలిపోయి తెల్లగా, ఆకాశం కంటే వెలుతురుగా ఉంది. చిన్నప్పటి నుంచి ఆకాశం చూస్తున్నానని అనుకునే నేను ఈ తిరగబడటాన్ని గమనించనే లేదు, ఆయన చెప్పాల్సొచ్చింది. ఇంకో దిక్కుకి తిరిగి కూర్చున్నాం. అటువైపు అడవి, ఊళ్ళు లేవు. స్తంభం దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాక కొండ మీద చిన్న మబ్బు ఒకటి కనపడింది, అది ఇంకా నల్లగానే ఉంది.